థండర్‌బర్డ్ 350 వెనక షాకబ్జర్లు ఇంట్లోనే మార్చుకోవాలనుకుంటున్నా, చేసినవాళ్ళు చెప్పండి

గోదారి రైడర్, రాజమండ్రి

అందరికీ నమస్తే. నా బండి 2014 రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350, 20 లీటర్ల ట్యాంక్ ఉన్న మోడల్, ఇప్పటికి 62 వేల కిలోమీటర్లు తిరిగింది. వెనక షాకబ్జర్లు బండితో వచ్చినవే, ఒక్కసారి కూడా మార్చలేదు. పోయిన నెల మారేడుమిల్లి వెళ్ళొస్తుంటే ఘాట్‌లో మలుపు తిప్పినప్పుడల్లా వెనక చక్రం తేలిపోతున్నట్టు అనిపించింది, అంటే బండి వంగుతుంది గానీ తోక మాత్రం ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చి అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఫీలింగ్ ఒకసారి చూసినోళ్ళకి తెలుస్తుంది. ఇంటికొచ్చి టార్చ్ వేసి చూస్తే ఎడమ షాకబ్జర్ రాడ్ చుట్టూ అంతా ఆయిల్ తడి, దాని మీద దుమ్ము పట్టేసి నల్లగా ముద్దలా అయిపోయింది. కుడిది పొడిగానే ఉంది.

స్పీడ్ బ్రేకర్ దిగాక మూడు సార్లు ఊగుతోంది. వెనక అమ్మ కూర్చుంటే గుంటలో పడినప్పుడు థడ్ మని ఇనుముకి ఇనుము తగిలినట్టు సౌండ్ వస్తోంది. ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే ఎంత నొక్కి ఉంచాలో పెట్టుకునే సర్దుబాటు) 5 స్టెప్పులుంటే 5లో పెట్టి చూశా, ఆ థడ్ కొంచెం తగ్గింది గానీ ఒక్కడినే వెళ్తే సీటు మీంచి ఎగరేస్తోంది.

ఎందుకింత కంగారంటే కార్తీకమాసంలో అమ్మని శ్రీశైలం తీసుకెళ్తానని మాటిచ్చాను. బస్సు టికెట్లు తీస్తానంటే వద్దంది, నీ బండి మీదే వెళ్దాం రా, దారిలో ఆగి ఆగి వెళ్దాం అంది. విజయవాడ, గుంటూరు, వినుకొండ, దోర్నాల మీదుగా వెళ్ళాలి, అమ్మకి 58 ఏళ్ళు, నడుం నొప్పి కూడా ఉంది. ఈ షాకబ్జర్లతో ఆ దోర్నాల ఘాట్ ఎక్కించడం నాకు మనసొప్పట్లేదు.

దగ్గర్లో ఒక షాపులో అడిగితే ఒక్కటే లీక్ కదా, దాన్ని విప్పి ఆయిల్ పోసి ఇస్తా, బండి రెండు రోజులు వదిలి వెళ్ళండి అన్నాడు. నాకెందుకో నచ్చలేదు. కొత్త సెట్ కొని నేనే బిగించుకుంటే ఎలా ఉంటుంది? నా దగ్గర రింగ్ పానాలు, సాకెట్ సెట్, రబ్బర్ సుత్తి ఉన్నాయి, చైన్ టైట్ చేయడం, బ్రేక్ ప్యాడ్లు మార్చడం నేనే చేసుకుంటా. జాకీ లేదు. ఒక్కటి మారిస్తే చాలా, రెండూ మార్చాలా? ఆయిల్ పోయించడం అసలు పనికొస్తుందా? సెట్ కొనేటప్పుడు ఏం చూడాలి? చేసినవాళ్ళు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

మన్ననూర్ గేట్, హైదరాబాద్

అన్నా ఇంట్ల మార్చుకోవచ్చు, ఏం పరేషాన్ కాకు. నేను నా క్లాసిక్ 350కి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లనే మార్చిన. మొదటిసారి గంటన్నర పట్టింది, తర్వాత మా దోస్తు బండికి చేస్తే 40 నిమిషాలల్ల అయిపోయింది. ఒక్కటి మారిస్తే సరిపోదు, రెండూ మార్చాలె. ఒక దిక్కు కొత్తది గట్టిగ పట్టుకుంటది, ఇంకో దిక్కు పాతది వదిలేస్తది, అప్పుడు స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ఇనుప చెయ్యి) మీద మెలిక పడ్డట్టు ఐతది. మలుపులల్ల నీకు ఇప్పుడున్న ఊగుడు కన్నా అది ఇంకా ఖరాబ్.

జాకీ అవసరమే లేదు, మన బండ్లకి డబుల్ స్టాండ్ ఉంది కదా. సాఫ్ గచ్చు మీద డబుల్ స్టాండ్ ఎయ్యి, బండి ముందుకు జారకుండా ముందు బ్రేక్ లివర్‌ని పాత ట్యూబ్ ముక్కతోని హ్యాండిల్‌కి గట్టిగ కట్టు. గిది చాలామంది చెయ్యరు, పానా మీద జోరుగ బలం పెట్టినప్పుడు బండి స్టాండ్ మీంచి దుంకితే మీద పడ్తది, 190 కిలోల బండి అది. వెనక చక్రం గాల్లో ఉంటది. ఇప్పుడు చక్రం కింద చెక్క ముక్కలు పెట్టు, ఎత్తు ఎట్ల ఉండాలంటే చక్రం చెక్కకి అట్ల ఆనీ ఆననట్టు ఉండాలె. ఎందుకంటే చక్రం, స్వింగ్ ఆర్మ్ బరువంతా ఆ షాకబ్జర్లకే వేలాడుతుంటది, ఆ బరువు బోల్టు మీద ఉన్నంతసేపు బోల్టు బయటికి రాదు, కొడితే మర పోతది. చెక్క బరువు తీసుకుందంటే బోల్టు వేలితోని గుంజితే వస్తది. నాకు మొదటిసారి ఇది తెల్వక సుత్తితోని అరగంట కొట్టిన, పక్కింటి పెద్దాయన వచ్చి ఒక్క చెక్క ముక్క దోపిండు, బోల్టు చేతిలకొచ్చింది.

ఇంకోటి, రెండు ఒక్కసారే ఇప్పకు. ఎడమది ఇప్పు, కొత్తది ఎక్కించు, నట్టు చేతితోని పట్టించు, అప్పుడు కుడి దిక్కు పో. ఒకటి ఉన్నంతసేపు స్వింగ్ ఆర్మ్ ఎక్కడిదక్కడ ఉంటది, కొత్తదాని రంధ్రం సీదాగ వచ్చి కూర్చుంటది. రెండూ ఇప్పినవనుకో చక్రం కిందికి జారుతది, బ్రేక్ పైపు గుంజుకపోతది. రంధ్రం ఒక రెండు మూడు మిల్లీమీటర్లు కలవకపోతే టైర్ కింద పొడుగు చెక్క పెట్టి కాలితోని మెల్లగ లేపు, కలుస్తది.

వాషర్లు ఏది లోపల ఉంది, ఏది బయట ఉంది ఇప్పక ముందే ఫోన్‌ల ఫోటోలు తీసుకో. నాకు ఒక వాషర్ మిగిలింది, మళ్ళా మొత్తం ఇప్పి చూడాల్సొచ్చింది.

మీరు దోర్నాల దిక్కు నుంచి పోతరు కాబట్టి వెలుగుండంగనే ఘాట్ ఎక్కండి. మా దిక్కు మన్ననూర్ దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి గేట్ బంద్ ఉంటది. అమ్మతోని రాత్రి అడవిల ఆగుడు మంచిది కాదు.

పానా పెట్టె, గుంటూరు

తమ్ముడూ, నేను 19 ఏళ్ళుగా బళ్ళ పని చేస్తున్నా, ముందు ఆ ఆయిల్ పోయించే సంగతి చెప్తా, ఎందుకంటే అది ప్రమాదం. నీ బండివి గ్యాస్ నింపిన షాకబ్జర్లు, లోపల నైట్రోజన్ ప్రెషర్ మీద ఉంటది. దాన్ని సరైన పరికరం లేకుండా విప్పితే మూత, రాడ్ ఎగిరి ముఖానికి తగులుతయ్. స్ప్రింగ్ కూడా నొక్కి బిగించి ఉంటది, స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా విప్పటమంటే చేతులు పోగొట్టుకోవటమే. సరే ఎలాగోలా విప్పారే అనుకో, మామూలు ఫోర్క్ ఆయిల్ పోసి సీల్ మార్చి గ్యాస్ లేకుండా మూసేస్తారు. అది 10 రోజులు బాగానే ఉన్నట్టుంటది. తర్వాత గతుకుల రోడ్డు మీద అరగంట నడిపితే లోపల ఆయిల్ నురగ కడతది, నురగ కట్టిన ఆయిల్ చిన్న రంధ్రాల్లోంచి తేలిగ్గా జారిపోద్ది, ఇంక ఊగుడుని ఆపేది ఏం ఉండదు. గ్యాస్ పెట్టేది ఆ నురగని ఆపటానికే. రీబిల్డ్ చేయటానికే తయారైన ఖరీదైన షాకబ్జర్లు వేరే ఉంటయ్, వాటిని తెలిసిన చోట చేయించుకోవచ్చు, నీవి ఆ రకం కాదు. పాతవి తూకానికేసేటప్పుడు కూడా మంటలో పెట్టొద్దు, కోయొద్దు అని చెప్పి ఇవ్వు.

నువ్వు ప్రీలోడ్ 5లో పెట్టినా ఊగుడు ఎందుకు తగ్గలేదో కూడా అర్థం చేసుకో. బరువు మోసేది స్ప్రింగ్, ఊగుడు ఆపేది ఆయిల్. ఆయిల్ పోయాక స్ప్రింగ్‌ని ఎంత తిప్పినా ఊగుడు ఆగదు. అసలు ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగ్ గట్టిపడదు, బండి వెనక భాగం ఎత్తులో నిలబడతది అంతే. స్ప్రింగ్ గట్టితనం తీగ మందం, చుట్ల లెక్క, చుట్టు వెడల్పు మీద ఉంటది, అది తిప్పితే మారేది కాదు.

పైన తెలంగాణ తమ్ముడు ఒకటొకటిగా మార్చమన్నాడు, ఇంట్లో చేసేవాళ్ళకి అదే మంచిది, కాదనను. కానీ 62 వేలు తిరిగిన బండి కాబట్టి స్వింగ్ ఆర్మ్ బుష్ (అది ఫ్రేమ్‌లో కదిలే చోట బోల్టు చుట్టూ ఉండే గొట్టం ముక్క) చూడకుండా కొత్తవి ఎక్కిస్తే డబ్బులు పెట్టి కూడా ఊగుడు మిగిలిపోవచ్చు. డబుల్ స్టాండ్ వేసి, వెనక కూర్చుని చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని పక్కలకి గట్టిగా కదుపు. టక్ టక్ మంటే ఏది కదులుతుందో చూడు. చక్రం ఒక్కటే స్వింగ్ ఆర్మ్‌లో కదిలితే చక్రం బేరింగ్. చక్రంతో పాటు స్వింగ్ ఆర్మ్ కూడా ఫ్రేమ్ దగ్గర కదిలితే బుష్ పోయింది, అప్పుడు రెండూ విప్పి ఆ పని ముందు చేయించాల్సిందే.

ఇంక బోల్టుల మాట. ఇన్నేళ్ళు వానలో తిరిగినయ్ కదా, తుప్పు పట్టి ఉంటయ్. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలెయ్, పొద్దున మళ్ళీ కొట్టు. ఓపెన్ పానా పెట్టొద్దు, మూలలు అరిగిపోతయ్, ఆరు మూలల సాకెట్ పెట్టు. ఆ బిగువు ఒకసారి వదిలేదాకా బండిని డబుల్ స్టాండ్ మీద పెట్టకుండా, కింద చక్రాల మీదే ఉంచి ఒకడు పట్టుకుంటే నువ్వు పావు చుట్టు వదులు చెయ్, అప్పుడు స్టాండ్ ఎక్కించు. కుడివైపు సైలెన్సర్ అడ్డమొస్తే కిందామీదా పడి వంకర పానా పెట్టొద్దు, సైలెన్సర్ బోల్టులు వదులు చేసి కాస్త కిందికి దించు. వేడి మీద ముట్టుకోవద్దు.

బిగించేటప్పుడు షాకబ్జర్ కన్ను (బోల్టు దూరే చివరి రింగు) కూర్చునే చోట తుప్పంతా ఎమెరీ పేపర్‌తో తుడిచి పల్చగా గ్రీజ్ రాయి, మళ్ళీ ఐదేళ్ళకి విప్పేవాడు నీకు దణ్ణం పెడతాడు. నైలాక్ నట్టు ఉంటే పాతది వాడొద్దు, ఆ ప్లాస్టిక్ రింగు ఒకసారి విప్పాక పట్టు తగ్గుతది. నట్లు స్టాండ్ మీద ఉండగా సగం బిగువే పెట్టు. స్టాండ్ దించి, బండి చక్రాల మీద నిలబడ్డాక, సీటు మీద ఎవరినైనా కూర్చోబెట్టి, అప్పుడు పూర్తిగా బిగించు. కన్ను లోపల రబ్బర్ బుష్ ఉంటది, గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బండి దిగగానే ఆ రబ్బర్ ఎప్పుడూ మెలితిరిగే ఉంటది, తొందరగా చిరుగుద్ది. ఎంత బిగువు అనేది నీ బండి మాన్యువల్‌లో ఉన్న లెక్కే టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచి చూపించే పానా) పెట్టు. టార్క్ రెంచ్ లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకో, అందాజాగా బిగించి మర పోగొట్టుకున్నవాళ్ళు నా దగ్గరికి చాలామంది వచ్చారు.

తూరుపు కనుమలు, విశాఖపట్నం

బోల్టుల సంగతి పై ఇద్దరూ బాగా చెప్పారండి, నేను కొనేటప్పుడు చూడాల్సినవి, బిగించాక కొలుచుకోవాల్సినవి చెప్తాను. నా మీటియర్ 350కి మార్చుకున్నాను, అంతకు ముందు ఐదేళ్ళు థండర్‌బర్డ్‌ నడిపాను, అనంతగిరి ఘాట్‌లో అరకు వైపు నెలకి ఒకసారైనా వెళ్తాం.

కొనేముందు పాతదాని పొడవు కొలవండి. పై కన్ను మధ్య నుంచి కింది కన్ను మధ్య దాకా, బండి డబుల్ స్టాండ్ మీద ఉండగా. కొత్తది కూడా అంతే ఉండాలి. 10 మిల్లీమీటర్లు ఎక్కువైతే ఏముందిలే అని చాలామంది పొడుగువి వేస్తారు, గ్రౌండ్ క్లియరెన్స్ పెరుగుతుందని. కానీ వెనక లేస్తే ముందు ఫోర్క్ నిట్టనిలువుగా అవుతుంది, స్పీడులో స్టీరింగ్ తేలికైపోతుంది, చైన్ స్వింగ్ ఆర్మ్‌ని రాసుకోవచ్చు, సైడ్ స్టాండ్ వేస్తే బండి మరీ ఎక్కువ వాలిపోతుంది, డబుల్ స్టాండ్ వేస్తే వెనక చక్రం నేలకి ఆనేస్తుంది. తర్వాత పంక్చర్ అయితే చక్రం విప్పడానికి ఉండదు. కంటి లోపలి బుష్ రంధ్రం, దాని వెడల్పు కూడా కొలిచి మీ బండికే అని రాసి ఉన్న సెట్ తీసుకోండి. సరిపోకపోతే రంధ్రాన్ని డ్రిల్ చేయిద్దాం అనే మాట అసలు వినకండి.

స్ప్రింగ్ మీ బరువుకి తగ్గది అడగండి. అమ్మే చోట మీ బరువు, వెనక కూర్చునేవాళ్ళ బరువు, సామాను ఎంత అని అడిగితేనే వాళ్ళకి పని తెలుసు అని అర్థం. వైఎస్ఎస్ లాంటి కంపెనీలవి మన ఎన్‌ఫీల్డ్ బళ్ళకి విడిగా దొరుకుతున్నాయి, కంపెనీ ఒరిజినల్ కూడా తక్కువేం కాదు, అమ్మగారిని కూర్చోబెట్టుకుని మెల్లగా తిరిగే బండికి ఒరిజినల్ కొత్తవి వేసినా మీకు బండి మారిపోయినట్టే అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. బిగించగానే పని అయిపోయినట్టు కాదండి, శాగ్ కొలవాలి. శాగ్ అంటే బరువు పడ్డాక వెనక ఎంత కూర్చుంటుంది అనేది. ఒక టేపు, ఒక మార్కర్, ఒక మనిషి సాయం చాలు. డబుల్ స్టాండ్ మీద, చక్రం పూర్తిగా గాల్లో ఉన్నప్పుడు యాక్సిల్ మధ్య నుంచి నిలువుగా పైకి సీటు కింద ఒక గుర్తు దాకా కొలిచి రాసుకోండి. తర్వాత స్టాండ్ దించి మీరు జాకెట్, హెల్మెట్, షూతో సహా రెండు కాళ్ళూ ఫుట్‌రెస్ట్‌ల మీద పెట్టి కూర్చోండి, ముందు ఒకరు హ్యాండిల్ పట్టుకోవాలి, మళ్ళీ అదే గుర్తుకి కొలవాలి. ఆ రెండింటి తేడా మీ శాగ్. మీ థండర్‌బర్డ్‌లో వెనక ప్రయాణం 80 మిల్లీమీటర్లే, అందులో పావు వంతు నుంచి మూడో వంతు లోపు, అంటే 20 నుంచి 26 వస్తే బాగున్నట్టు. 35 దాటిందంటే గుంటలో థడ్ మంటుంది, 10 లోపు ఉంటే నడుం పట్టేస్తుంది. ఒకసారి సీటు నొక్కి వదిలి కొలవండి, ఇంకోసారి తోక పైకి లాగి వదిలి కొలవండి, రెండింటికీ మధ్యలోది తీసుకోండి, లోపల రాపిడి వల్ల ఒక్కో రకంగా ఆగుతుంది. ఒంటరిగా ఒక స్టెప్పు, అమ్మగారితో ఒక స్టెప్పు కనుక్కుని కాగితం మీద రాసి టూల్ బాక్స్‌లో పెట్టుకోండి. బండితో ఇచ్చిన కొక్కెం పానాతో రెండు వైపులా ఒకే స్టెప్పు తిప్పాలి, ఒకటి 3లో, ఒకటి 4లో వదిలేసిన బళ్ళు నేను చాలా చూశాను.

ఒంటరిగా కూర్చుని కూడా చివరి స్టెప్పులో పెడితే గానీ సరైన శాగ్ రావట్లేదంటే ఆ స్ప్రింగ్ మీకు మెత్తన అని అర్థం, వేరేది వేసుకోవాలి.

కొత్తవి పెట్టెలో పడుకోబెట్టి వస్తాయి కాబట్టి కొన్నింట్లో గ్యాస్, ఆయిల్ కలిసిపోయి ఉంటాయి. బిగించాక సీటు మీద గట్టిగా పదిసార్లు నొక్కి, కాసేపు వదిలి, అప్పుడు రోడ్డెక్కండి. కొలతలన్నీ అయ్యాక చైన్ బిగువు తప్పకుండా చూడండి, పాతవి బాగా కూర్చుండిపోయి ఉంటే కొత్తవాటితో వెనక కొంచెం లేస్తుంది, చైన్ లెక్క మారుతుంది. మీది ఏబీఎస్ రాని మోడల్ కాబట్టి మీకు బ్రేక్ పైపు ఒక్కటే చూసుకోవాలి, నా బండిలాగా ఏబీఎస్ ఉన్నవాళ్ళు చక్రం దగ్గర సెన్సర్ వైరు కూడా లాగకుండా చూసుకోవాలి.

టైర్ మీద చెయ్యి పెట్టి నిమిరి చూడండి. షాకబ్జర్ పోయిన బండి టైర్ ఎగుడుదిగుడుగా, ముక్క ముక్కకి గిన్నెలు గిన్నెలుగా అరుగుతుంది. అలా ఉంటే టైర్ మారేదాకా కొత్త షాకబ్జర్లతో కూడా వెనక గుర్రుమని శబ్దం, వణుకు ఉంటాయి, షాకబ్జర్లని తప్పు పట్టకండి.

డల్లాస్ తెలుగు రైడర్, టెక్సాస్

ఇక్కడ నాది 2012 హార్లీ ఎలక్ట్రా గ్లైడ్, మీ బండికి దీనికీ పోలిక లేదు గానీ ఎవరైనా ఇలాంటి పెద్ద టూరింగ్ బండి ఉన్నవాళ్ళు చదువుతారని రాస్తున్నా. వీటిలో వెనక ఎయిర్ షాక్స్, స్ప్రింగ్‌కి తోడు గాలి ప్రెషర్ కూడా బరువు మోస్తుంది. విప్పే ముందు గాలి మొత్తం వదిలేయాలి, ప్రెషర్ మీద ఉండగా పైపు లాగకూడదు. ముందు రెండు వైపులా సాడిల్ బ్యాగ్స్ తీసేయాలి, డబుల్ స్టాండ్ ఉండదు కాబట్టి ఫ్రేమ్ కింద వెడల్పాటి బైక్ జాక్ పెట్టి రెండు వైపులా పట్టీలతో కట్టాలి. అక్కడి నుంచి మీరు చెప్పినట్టే, ఒకటొకటిగా. 2017 నుంచి వీళ్ళు ఆ గాలి పద్ధతి మానేసి ప్రీలోడ్‌కి చేత్తో తిప్పే నాబ్ ఇచ్చారు.

మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు వెనక కూర్చుని ఇది సోఫాలా ఉందిరా అన్నారు, ఆ వారం ముందే మార్చాను. అమ్మగారిని జాగ్రత్తగా తీసుకెళ్ళండి.

గోదారి రైడర్, రాజమండ్రి

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఒరిజినల్ సెట్టే ఆర్డర్ పెట్టా. పానా పెట్టె గారు చెప్పినట్టు చక్రం పట్టుకుని కదిపితే టక్ టక్ మంటోంది, గుండె జారిపోయింది, స్వింగ్ ఆర్మ్ బుష్ అనుకున్నా. కానీ ఫ్రేమ్ దగ్గర వేలు పెట్టి చూస్తే అక్కడ కదలట్లేదు, చక్రం కూడా స్వింగ్ ఆర్మ్‌లో కదలట్లేదు. మరి ఈ సౌండ్ ఎక్కడిది?

పానా పెట్టె, గుంటూరు

షాకబ్జర్ కింది కన్ను మీద వేలు పెట్టి ఇంకొకళ్ళని చక్రం కదపమను. లీక్ అయిన వైపు ఆయిల్ కారి కారి రబ్బర్ ఉబ్బి మెత్తబడిపోయి ఉంటది, బోల్టు దానిలో ఆడుతుంటది. అదే అయితే కొత్తవి రాగానే పోద్ది, భయపడకు.

మన్ననూర్ గేట్, హైదరాబాద్

అన్న చెప్పిందే ఐతది. ఇప్పినాక పాత కన్ను ఫోటో పెట్టు, జూద్దాం.

గోదారి రైడర్, రాజమండ్రి

అయిపోయింది! ఆదివారం పొద్దున 7కి మొదలుపెడితే 9:30 అయ్యింది, మధ్యలో టిఫిన్ కూడా. శనివారం రాత్రే స్ప్రే కొట్టి ఉంచా. ఎడమ వైపు బోల్టులు తేలిగ్గా వచ్చేశాయి. కుడివైపు కిందది అస్సలు కదల్లేదు, సైలెన్సర్ దించాక సాకెట్ నిటారుగా కూర్చుంది, అప్పుడు ఒక్క టిక్ మని వదిలింది. ఆ టిక్ వినగానే ఎంత ఊపిరి పీల్చుకున్నానో. చెక్క ముక్క చిట్కా లేకపోతే మాత్రం నేను ఇంకా ఆ బోల్టు దగ్గరే కూర్చుని ఉండేవాడిని, మా పాత మంచం కోడు ముక్క సరిగ్గా సరిపోయింది.

టక్ టక్ పాత ఎడమ షాకబ్జర్ కింది కన్నే. విప్పి చూస్తే రబ్బర్ ఒక వైపు చిరిగి రంధ్రం గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా అయ్యింది. పాత రెండింటినీ నేల మీద నిలబెట్టి చెరొకటి నా బరువంతా పెట్టి నొక్కితే కుడిది మెల్లగా లేచింది, ఎడమది వదలగానే చటుక్కున లేచి చేతికి తగిలింది. అది చూశాక ఘాట్‌లో తోక ఎందుకు ఊగిందో పూర్తిగా అర్థమయ్యింది, ఇన్నాళ్ళు బండి ఒంటికాలి మీద నడిచింది.

టార్క్ రెంచ్ పక్క వీధిలో కార్ల పని చేసే బాబాయ్ ఇచ్చారు, దగ్గరుండి చూశారు కూడా. నట్లు స్టాండ్ మీద సగం బిగించి, దించాక తమ్ముణ్ణి కూర్చోబెట్టి పూర్తి చేశా. శాగ్ కొలిస్తే నాకు ఒక్కడికే 2లో 24 వచ్చింది. అమ్మని కూర్చోబెట్టి కొలుద్దామంటే ఏంట్రా నన్ను తూకం వేస్తున్నావా అంది, చీర సర్దుకుని కూర్చుంది, సామాను బ్యాగు కూడా కట్టి కొలిచా. 3లో 33 ఉంది, 4లో 28కి వచ్చింది. ఇద్దరం, సామాను కదా, 28 పర్లేదు అనుకుంటున్నా, 5 పెట్టాలా అని తూరుపు కనుమలు గారు చెప్తే బాగుంటుంది. చైన్ నిజంగానే బిగువు మారింది, సరిచేశా. టైర్ నిమిరి చూశా, గిన్నెలు లేవు, కాస్త ఎగుడుదిగుడు మాత్రం ఉంది.

తర్వాత ధవళేశ్వరం దాకా అమ్మని తీసుకెళ్ళి వచ్చా. బ్యారేజీ మీద ఆ అతుకుల దగ్గర ఇంతకు ముందు టప్ టప్ అని నడుముకి కొట్టేది, ఇప్పుడు చక్రం మాత్రమే కదిలింది, సీటు కదల్లేదు. స్పీడ్ బ్రేకర్ దిగితే ఒక్కసారి దిగి లేచి ఆగిపోయింది. అమ్మ ఏం మాట్లాడలేదు, ఇంటికొచ్చాక మా పిన్నికి ఫోన్ చేసి శ్రీశైలం బండి మీద వెళ్తున్నాం అని చెప్తోంది.

తూరుపు కనుమలు, విశాఖపట్నం

చాలా సంతోషంగా ఉందండి. 28 బాగానే ఉంది, 4లోనే ఉంచండి, 5 పెడితే మెత్తదనం పోయి అమ్మగారి నడుముకి తెలుస్తుంది. మాన్యువల్‌లో ఇద్దరికి చెప్పిన గాలి వెనక టైర్‌లో చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి, టైర్ గాలి తప్పుంటే ఈ కొలతలన్నీ వృథా. 200 కిలోమీటర్లు తిరిగాక నాలుగు నట్లూ ఒకసారి టార్క్ రెంచ్‌తో చూసుకోండి.

గోదారి రైడర్, రాజమండ్రి

అలాగేనండి. ఇంకా మూడు వారాలుంది, ఈలోపు ఒక్కడినే మారేడుమిల్లి వెళ్ళొస్తా, రానూపోనూ దాదాపు 170 కిలోమీటర్లు అవుతుంది, వచ్చాక నట్లు చూసి ఆ ఘాట్ మలుపుల్లో తోక ఎలా ఉందో ఇక్కడే రాస్తా.